పెన్సిలు టిక్కులున్న పుస్తకం

ఆ పుస్తకాన్ని నేను వెతకలేదు. ఎవరో వద్దనుకున్న పుస్తకాలన్నీ ఒక బల్ల మీద పోసి, కావాల్సినవాళ్ళు తీసుకుపొమ్మన్నారు. పైనున్న పాత నిఘంటువునీ, గడువు తీరిన పరీక్షల గైడ్లనీ పక్కకు జరిపితే అడుగున దీని వెన్ను కనిపించింది. అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి, ఏం పుస్తకమో తెలీదు. పెద్ద సైజు, బరువు. చేతుల్లో పట్టుకుని పేజీ తిప్పడం కుదరక బల్ల అంచుకి ఆనించి తెరిచాను. తెరుచుకున్న పేజీలో ఒక గుడి మండపం. లావుపాటి స్తంభాలు, వాటి తలల మీద ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులు, కింద నీడలో చీమలంత మనుషులు. ఎక్కడిదబ్బా ఈ మండపం అని కింద చూశాను. ఫిలే, నూబియా అని ఉంది. ఆ పేరు అప్పటికి నేను వినలేదు.

వినకపోవడమే గొప్ప సంగతి. ఫోనులో నాకు కనిపించే ప్రయాణాల ఫొటోలన్నీ నేను ఇదివరకు వెతికినవాటికి చుట్టాలే. ఒకసారి కొండల గురించి అడిగితే నెల రోజుల పాటు కొండలే వస్తాయి. సముద్రం ఫొటో మీద రెండు సెకన్లు ఎక్కువ ఆగితే చాలు, మర్నాటి నుంచి అలలే అలలు. ఆ పుస్తకాల కుప్పకి నా గురించి ఏమీ తెలీదు. అందుకే నేను అడగనిది, అడగడం కూడా తెలియనిది చేతిలో పెట్టింది.

ఇంటికి తెచ్చి, అట్ట తుడిచి, మొదటి నుంచీ చూశాను. డేవిడ్ రాబర్ట్స్ అనే చిత్రకారుడు 1838, 39 సంవత్సరాల్లో ఈజిప్టు, సినాయ్, జెరూసలేం ప్రాంతాల్లో తిరుగుతూ వేసిన బొమ్మలవి. నా దగ్గరున్నది చాలా కాలం తర్వాత ఎవరో మళ్ళీ అచ్చువేసిన ప్రతి. లోపలి అట్ట మీద నైలు నది పటం ఉంది. అచ్చయిన ఏడాది ఉండాల్సిన పేజీ చిరిగిపోయింది. దానికన్నా చిరాకు తెప్పించిన విషయం, ఎవరో పెన్సిలుతో టిక్కులు కొట్టడం. పుస్తకాల్లో గీతలు గీసేవాళ్ళని క్షమించే రకం కాదు నేను. చిన్నప్పుడు లైబ్రరీ పుస్తకంలో అండర్‌లైన్లు కనిపిస్తే రబ్బరు పట్టుకుని కూర్చునేదాన్ని. ఇందులో ఏడు బొమ్మల పక్కన చిన్న చిన్న టిక్కులు. ఫిలే మండపం దగ్గర మాత్రం టిక్కు లేదు, ప్రశ్నార్థకం ఉంది. రబ్బరు తెచ్చుకున్నాను కూడా. ఆ ప్రశ్నార్థకం చూసి ఆగిపోయాను.

ఇక అసలు వాదనకి వస్తాను. ఎక్కడికైనా వెళ్ళాలన్న కోరిక పుట్టించే విషయంలో, చేత్తో వేసిన బొమ్మల పుస్తకం ముందు ఫోనులోని ఫొటోలు దిగదుడుపే. పాతకాలం మీద మోజుతో అంటున్న మాట కాదిది. ఫోను లేకుండా నేను పక్క వీధికి కూడా వెళ్ళను. టికెట్లు, దారి, అనువాదం అన్నీ అందులోనే. ఎలా వెళ్ళాలో చెప్పడానికి దాన్ని మించింది లేదు. ఎందుకు వెళ్ళాలో చెప్పే పని మాత్రం దానికి అప్పగించకూడదని దెబ్బ తిన్నాక తెలుసుకున్నాను.

ఆ పుస్తకం దొరకడానికి ముందు ఏడాది ఒక ప్రయాణం చేశాను. ప్లాను మొత్తం స్క్రీన్‌షాట్లతోనే తయారైంది. నాలుగు రోజులు, పదకొండు చోట్లు. ఒక్కో చోటికీ ఒక ఫొటో, ఆ ఫొటో ఎక్కడ నిలబడి తీశారో ఆ పాయింటు. నేనూ, నా స్నేహితురాలూ అలారాలు పెట్టుకుని మరీ తిరిగాం. ఏడో చోటు, సరస్సు లోపలికి చొచ్చుకుపోయిన ఒక చెక్క వంతెన. ఫొటోలో దాని చివర ఒక్కతే అమ్మాయి, చుట్టూ పొగమంచు. తీరా వెళ్తే వంతెన మొదట్లో పెద్ద క్యూ. నలభై నిమిషాలు నిలబడ్డాం. మా వంతు వచ్చాక, వెనకవాళ్ళ చూపులకి టెన్షన్ పడి, నిమిషంలో రెండు ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఇంటికొచ్చాక అమ్మ మామూలుగా అడిగింది, "ఆ సరస్సు ఎంత పెద్దదే?" అని. చెప్పలేకపోయాను. అక్కడున్న కాసేపూ నా కళ్ళు ఫోను తెర మీదే ఉన్నాయి. ఫొటో ఆ ఫొటోలా వచ్చిందా లేదా అన్నదొక్కటే చూసుకున్నాను.

ఇదేదో నా ఒక్కదాని గోల కాదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఊరుంది. జనాభా ఎనిమిది వందలు కూడా ఉండదు. సరస్సు, చర్చి శిఖరం, వెనక కొండ, మూడూ ఒకే ఫ్రేములో పడే చోటు ఒకటుంది అక్కడ. దాని కోసం వచ్చిపడే జనాన్నీ, వాళ్ళ సందడినీ భరించలేక 2023లో ఆ చోట చెక్కలతో అడ్డు కట్టారు. విమర్శలు వచ్చాక తీసేశారు. ఊరికి రావద్దని ఎవరినీ అనలేదు, చూడండి. ఆ ఒక్క ఫొటోకి అడ్డం పెట్టారంతే. ఊరంటే జనానికి ఆ ఫొటోయే అయిపోయిందని వాళ్ళకీ అర్థమైంది.

మరి రాబర్ట్స్ బొమ్మలో ఉన్న తేడా ఏమిటి? అదీ ఒక కోణమే, అదీ ఒక ఫ్రేమే. తేడా మొదట నాకూ అంతుపట్టలేదు. చాలా సాయంత్రాలు భూతద్దం పెట్టి చూశాక ఒక సంగతి తట్టింది: ఆ పేజీలో బోలెడంత మనిషి కాలం పేరుకుని ఉంది. రాబర్ట్స్ ఎండలో, దుమ్ములో కూర్చుని నీటిరంగుల్లో వేసుకున్నాడు. ఆ బొమ్మల్ని లండన్‌లో లూయీ హాగ్ అనే ఆయన రాతి పలకల మీద మళ్ళీ గీశాడు. హాగ్‌కి పుట్టుకతోనే కుడి చెయ్యి సరిగా లేదు, ఆ పనంతా ఎడమచేత్తోనే చేశాడు. ఆ తర్వాత, మేలు రకం ప్రతులకి పేరు తెలియని చేతులెన్నో ఒక్కో కాగితం మీదా రంగులద్దాయి. 247 బొమ్మలు. 1842లో మొదలైతే పూర్తిగా బయటికి రావడానికి 1849 అయింది. అంత సేపు ఒకరి చేతిలో నలిగిన బొమ్మని మనం మాత్రం వేలితో అర సెకనులో తోసేయలేం. చెయ్యి దానంతటదే ఆగుతుంది.

రాతి అచ్చు అన్నాను కదా, అదెలా పని చేస్తుందో చెప్పకుండా ఉండలేను. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు కలిపిన బలపంతో బొమ్మ గీస్తారు. తర్వాత రాయిని తడుపుతారు. జిడ్డు ఉన్న చోట నీళ్ళు నిలవవు, మిగతా చోటల్లా నిలుస్తాయి. దాని మీద నూనె సిరా పూస్తే అది తడి ఉన్న చోట అంటదు, గీత ఉన్న చోటే అంటుకుంటుంది. కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది. నూనెకీ నీళ్ళకీ పడదన్న ఒక్క విషయం మీద నడిచే విద్య ఇది. అలోయ్స్ సెనెఫెల్డర్ అనే జర్మన్ నాటక రచయిత 1796 ప్రాంతంలో దీన్ని కనిపెట్టాడు. తన నాటకాలని చౌకగా అచ్చువేసుకోవడానికి దారి వెతుక్కుంటూ! ఇందులో గీత గీతలాగే దిగుతుంది. బలపం ఎక్కడ బరువుగా పడింది, ఎక్కడ తేలిపోయింది, తెలిసిపోతుంది. నా చేతిలో ఉన్న తర్వాతి కాలం ప్రతిని భూతద్దం కింద పెడితే నాలుగు రంగుల చుక్కలే కనిపిస్తాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ చుక్కల వెనక నుంచి కూడా ఆ బలపం గరుకు కొంత దాటి వస్తుంది.

ఇంకొకటి. బొమ్మ వేసేవాడు అన్నీ వెయ్యడు. మండపం మూలలో చీకటి ఉంటే చీకటి పూసి వదిలేస్తాడు. స్తంభాల మధ్య నుంచి దూరంగా ఇంకేదో గది ఉన్నట్టుంటుంది, లేనట్టూ ఉంటుంది. ఆ వదిలేసిన చోటే మనల్ని లాగుతుంది. ఆ స్తంభం పక్కన ఏముంది? అక్కడ నిలబడి ఇటు తిరిగితే ఏం కనిపిస్తుంది? ఫొటోల్లో ఇలాంటి ప్రశ్న పుట్టదని కాదు. పుట్టేలోపే పక్కనే మరో ముప్ఫై ఫొటోలు, ఒక డ్రోన్ వీడియో జవాబు చెప్పేస్తాయి. ఊరంతా ఇంట్లోనే చూసేశాక ఇక వెళ్ళేది సరిచూసుకోవడానికే.

"దూరపు కొండలు నునుపు అన్న సామెత తెలీదా? ఆ నునుపు చేసింది నీ బొమ్మలవాళ్ళే కదా" అని నా స్నేహితురాలు ఎత్తిపొడిచింది. నిజమే. పైగా వాళ్ళు నునుపు చెయ్యడంతో ఆగలేదు, పచ్చి అబద్ధాలూ వేశారు. బొమ్మలతో అచ్చయిన తొలి యాత్రా గ్రంథంగా చెప్పే బ్రైడెన్‌బాక్ పుస్తకం 1486లో జర్మనీలోని మైంజ్‌లో వచ్చింది. ఎర్హార్డ్ రాయివిక్ అనే చిత్రకారుడు జెరూసలేం యాత్రలో వెంట వెళ్ళి, చూసి వేసిన బొమ్మలవి. వెనిస్ నగరం బొమ్మ మడతలు విప్పితే ఐదడుగులకు పైనే ఉంటుంది, అంత పనితనం. అదే పుస్తకంలో దారిలో చూసిన జంతువుల పేజీ ఒకటుంది. ఒంటె, మొసలి, జిరాఫీ, వాటి మధ్య దర్జాగా నిలబడిన ఒంటికొమ్ము గుర్రం! ఇవన్నీ పవిత్ర భూమిలో మేము చూసినవి చూసినట్టే వేశామని కింద హామీ కూడా. 1493లో న్యూరెంబర్గ్‌లో వచ్చిన ఒక పెద్ద లోకచరిత్ర పుస్తకంలో 1,809 బొమ్మలున్నాయి. వాటికి వాడిన చెక్క అచ్చులు 645 మాత్రమే. అంటే, ఒక ఊరి బొమ్మనే పేరు మార్చి ఇంకో ఊరికీ, మరో ఊరికీ తగిలించేశారు. ఈ పని ఇప్పటి రీల్స్ చేసేవాళ్ళే మొదలుపెట్టారనుకున్నాం.

జపాన్ చిత్రకారుడు హిరోషిగేది ఇంకో రకం అబద్ధం, నాకు చాలా ఇష్టమైన అబద్ధం. ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకి పోయే తోకైదో దారిలోని 53 మజిలీలకి 1833, 34 ప్రాంతంలో అతను వేసిన చెక్క అచ్చు బొమ్మల్లో కాన్‌బరా అనే ఊరు ఉంది. రాత్రి, మోకాలి లోతు మంచు, వంగి నడుస్తున్న ముగ్గురు మనుషులు. శబ్దమే లేని బొమ్మ. కాన్‌బరాయేమో వెచ్చటి సముద్రతీరపు ఊరు, అక్కడ అంత మంచు పడటం అరుదు. మరి ఎందుకు వేశాడో! ఆ దారిలో ఒక చలి రాత్రి ఎలా ఉంటుందో చెప్పాలనిపించి ఉంటుందని నా ఊహ.

ఈ అబద్ధాలు నన్ను మోసం చెయ్యవు, అదీ నేను స్నేహితురాలికి ఇచ్చిన జవాబు. బొమ్మ చూడగానే ఇది ఒకరు వేసిందని తెలుస్తుంది. వేసినవాడి ఇష్టాయిష్టాలు, బద్ధకాలు, గొప్పలు అన్నీ అందులో ఉంటాయని ముందే అనుకుంటాం. రాబర్ట్స్ మొదట్లో నాటకాలకి తెరలు రాసేవాడు. అది తెలిశాక ఆ బొమ్మల్లో కట్టడాలు అంత భారీగా ఎందుకుంటాయో, మనుషుల్ని అంత చిన్నగా ఎందుకు వేశాడో అర్థమైంది నాకు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఒళ్ళు జలదరించాలి కదా! ఫొటో అలా కాదు. అది ఉన్నదున్నట్టు అన్న ధీమాతో వస్తుంది. వంతెన చివర అమ్మాయి నిజం, పొగమంచు నిజం, క్యూ ఒక్కటే ఫ్రేముకి బయట.

ఈ జబ్బు ఫోనులతోనే మొదలైందని కూడా అనను. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ యాత్రికులు క్లాడ్ గ్లాస్ అనే నల్లటి అద్దం జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు. మంచి దృశ్యం కనిపించగానే దానికి వీపు తిప్పి, అద్దంలో దాని నీడని చూసుకునేవాళ్ళు. అద్దంలో అయితే చిత్రపటంలా ఉంటుందని! థామస్ గ్రే అనే కవి 1769లో లేక్ డిస్ట్రిక్ట్‌లో అలా అద్దం తెరిచి పట్టుకుని బురద దారిలో వెల్లకిలా పడ్డాడు. వేలి కణుపులు చిట్లాయి, అద్దం మాత్రం భద్రం. సెల్ఫీ తీసుకుంటూ వెనక్కి నడిచేవాళ్ళని చూసినప్పుడల్లా నాకాయనే గుర్తొస్తాడు.

బొమ్మల పుస్తకాల మీద నాకున్న అసలు అభ్యంతరం వేరే ఉంది. రాబర్ట్స్ బొమ్మల్లో ఆ దేశపు మనుషులు పనీపాటా లేనట్టు ఎక్కడో ఒక నీడలో కూర్చునే ఉంటారు. అతని పడవ నడిపింది, సామాను మోసింది, దారి చూపింది వాళ్ళే. బొమ్మలోకి వచ్చేసరికి స్తంభం ఎంత ఎత్తో తెలియడానికి పనికొచ్చే కొలబద్దలయ్యారు. ఎవరికీ పేరు లేదు. మొదటిసారి చూసినప్పుడు ఇది నా కంటపడలేదు, ఐదోసారో ఆరోసారో పడింది. పడ్డాక, బొమ్మ చూసే ప్రతిసారీ ముందు వాళ్ళనే చూస్తున్నాను. ఈ తప్పుని పట్టుకునే వ్యవధి ఇచ్చింది కూడా పుస్తకమేననుకోండి.

బొమ్మలే ఎందుకు, మాటలు చాలవా అని అడిగేవాళ్ళకి చాలనే చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర అచ్చయింది సరిగ్గా 1838లోనే, రాబర్ట్స్ ఈజిప్టుకి బయల్దేరిన ఏడాదే. దారిలో మజిలీలు, నదులు, ఊళ్ళు, మనుషులు, అన్నీ ఉత్తరాలుగా రాసి పంపాడాయన. బొమ్మల అవసరమే అనిపించదు. కాకపోతే, అది చదివితే ఆయన వెనకాల నడుస్తాం. బొమ్మ ముందు మనం ఒంటరిగా నిలబడతాం. నాకు రెండూ కావాలి. కాలు కదిపేది మాత్రం రెండోదే.

కదపడానికి రెండేళ్ళు పట్టిందనుకోండి. ఆ రెండేళ్ళూ పుస్తకం మంచం పక్కనే ఉంది. ఒక్కో రాత్రి ఒక్కో బొమ్మ. ప్రశ్నార్థకం సంగతి తేల్చుకుందామని ఫిలే గురించి చదవడం మొదలుపెడితే అదో పెద్ద కథ. నైలు నదిలో అస్వాన్ దగ్గర అదొక ద్వీపం, ఐసిస్ దేవత గుడి. చిత్రలిపిలో చెక్కిన శాసనాల్లో తేదీ తెలిసిన ఆఖరిది అక్కడే ఉంది, 394వ సంవత్సరం ఆగస్టు 24. ఆ తర్వాత ఆరో శతాబ్దంలో గుడి మూతబడి చర్చి అయింది. 1902లో అస్వాన్‌లో మొదటి ఆనకట్ట కట్టారు, తర్వాత రెండుసార్లు దాని ఎత్తు పెంచారు. గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండేది. యాత్రికులు స్తంభాల మధ్య నుంచి పడవల్లో తిరిగేవాళ్ళు. పెద్ద ఆనకట్ట వచ్చాక ఇక ఎప్పటికీ నీళ్ళలోనే అన్న పరిస్థితి వస్తే, యునెస్కో ఆధ్వర్యంలో 1970లలో చుట్టూ అడ్డుగట్టు వేసి, నీళ్ళు తోడి, గుడిని దాదాపు నలభై వేల రాళ్ళుగా విడదీసి, పక్కనున్న అగిల్కియా ద్వీపం మీద తిరిగి పేర్చారు. 1980లో మళ్ళీ తెరిచారు.

అంటే, నా పుస్తకంలోని చోటు ఇప్పుడు లేదు. రాళ్ళు ఉన్నాయి, వేరే ద్వీపం మీద. రాబర్ట్స్ కూర్చున్న నేల నీళ్ళ కింద ఉంది. స్తంభాల మీది ఆ ఆకుపచ్చ, ఆ నీలం, అన్నేళ్ళు నీళ్ళలో నానడంతో కొట్టుకుపోయాయి. ఇది చదివిన రాత్రే వెళ్ళి తీరాలని నిశ్చయించుకున్నాను. లేని రంగుల కోసం అంత దూరం వెళ్ళడమేమిటని అడిగితే నా దగ్గర చక్కటి జవాబు లేదు. బొమ్మకీ ఇప్పటికీ మధ్య ఏం జరిగిందో కళ్ళతో చూడాలనిపించింది, అంతే.

"మొత్తం ఎన్ని చోట్లు?" అంది స్నేహితురాలు, పాత అలవాటుగా ఫోను తీస్తూ.

"ఒకటి. ఒక మండపం."

"ఒక్క మండపానికి ఇంత దూరమా?" అంది. వచ్చింది మాత్రం. దారిలో ఇంకేవో చూశాం, అవి ఇక్కడ అప్రస్తుతం.

ఒడ్డు నుంచి మోటారు పడవలో వెళ్ళాలి. నా బ్యాగులో ఆ పేజీ జిరాక్స్ కాపీ, నాలుగు మడతలు పెట్టి ఉంది. ద్వీపం దగ్గరపడ్డాక గుడి కనిపించగానే జనమంతా పడవలో ఒక పక్కకి ఒరిగారు, పడవవాడు కేకలేశాడు. నేనూ ఒరిగాను, అబద్ధమెందుకు? లోపల, మొదటి ద్వారం గోడ మీద నెపోలియన్ సైన్యం 1799లో చెక్కించిన ఫ్రెంచి శాసనం ఉంది. దాన్ని దాటి, ముంగిలి దాటి, రెండో ద్వారం వెనక మండపం. కాగితం విప్పాను.

స్తంభాలు అవే. లావు అదే. రంగు దాదాపు లేదు, ఇసుకరాయి రంగే రంగు. కొన్ని స్తంభాల మీద చర్చిగా ఉన్న కాలంలో చెక్కిన శిలువలున్నాయి. ఇక ఆ మరక. తలెత్తి చూడాల్సినంత ఎత్తులో, స్తంభాలకీ గోడలకీ అడ్డంగా, బద్ద పెట్టి గీసినట్టు ఒక మసక గీత. కింద ఒక ఛాయ, పైన ఒక ఛాయ. నీళ్ళు ఏళ్ళ తరబడి నిలబడిన మట్టం. విడదీసి తెచ్చి పేర్చిన రాళ్ళు కదా, అయినా ఆ గీత ఒక రాయి నుంచి పక్క రాయికి తప్పకుండా కలుస్తోంది. అంత జాగ్రత్తగా పేర్చారు. స్తంభం దగ్గరికెళ్ళి తలెత్తాను. నా నెత్తి మీద అంత నీరు ఉండేది, అక్కడెక్కడో ఒక పడవ అడుగు కదులుతూ ఉండేది అనుకుంటే ఊపిరి కాస్త బిగిసింది.

ఒక మూల కూర్చుని, నాకు బొమ్మలు వెయ్యడం రాకపోయినా, నోటుపుస్తకం తీసి ఒక స్తంభం తల గీయబోయాను. ఏడుపొచ్చేలా వచ్చింది. కానీ పక్క స్తంభం గీయబోతే దాని తల మీద ఆకులు వేరుగా ఉన్నాయి. ఇంకోటి చూశాను, అదీ వేరే. ఒకదానిలా ఇంకోటి లేదు! ఒకచోట తాటాకుల్లా, ఒకచోట విచ్చుకుంటున్న పువ్వులా. గబగబా జిరాక్స్ కాగితం చూశాను. రాబర్ట్స్ అన్నిటినీ వేరువేరుగానే వేశాడు. రెండేళ్ళు రాత్రిపూట భూతద్దం పెట్టి చూసిన దాన్ని, ఇది చూడలేదు. గంటన్నర అక్కడే ఉన్నాం. గుంపులు వచ్చాయి, గైడ్లు గొంతెత్తి చెప్పారు, గుంపులు పోయాయి. మధ్యలో పది నిమిషాలు ఎవ్వరూ లేరు. స్నేహితురాలు తన ఫోనుతో మరకని దగ్గర్నుంచి ఫొటో తీసింది, స్తంభం పక్కన నన్ను నిలబెట్టి. కొలబద్దగా.

ఇలాంటి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో. ఇదే పుస్తకం వెతుక్కోమని చెప్పను. చూసి తీరాల్సిన చోట్లంటూ వందల కొద్దీ పేర్చిన మెరుపు కాగితాల పుస్తకాలు మాత్రం వద్దు, అవి అట్ట కట్టిన స్క్రీన్‌షాట్లే. ఒకే మనిషి, ఒకే దారి, ఎక్కువ రోజులు తిరిగి వేసిన బొమ్మలై ఉంటే మంచిది. కొత్తదైనా పరవాలేదు, ఇప్పుడు కూడా స్కెచ్ పుస్తకం పట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాతదైతే ఇంకా మేలు. ఎందుకంటే సమాచారం మురిగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మి బస్సెక్కే ప్రమాదం లేదు.

ప్రశ్నార్థకం సంగతి తేలలేదు. టిక్కులు పెట్టినవాళ్ళు అవన్నీ చూసొచ్చారో, చూడాలనుకున్నారో తెలీదు. గుడి నీళ్ళలో ఉన్న రోజుల్లో పుస్తకం కొనుక్కుని, ఇది మిగులుతుందా అని పెట్టుకున్న గుర్తేమో. లేదా ఆ ఊరి పేరు ఎలా పలకాలో తెలియక పెట్టిందేమో. నేనూ మొదట్లో తప్పే పలికాను.

తిరిగొచ్చిన వారానికి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. పక్కన ఫోనులో స్నేహితురాలు తీసిన ఫొటో పెట్టుకున్నాను. ఫొటోలో మరక స్తంభం ఎత్తులో ఎంత భాగం దగ్గరుందో స్కేలుతో కొలిచి, బొమ్మలోని స్తంభానికి లెక్కగట్టాను. రబ్బరు అందుబాటులో పెట్టుకుని, పెన్సిలు బాగా చెక్కి, రంగురంగుల స్తంభాలకి అడ్డంగా, కనిపించీ కనిపించనట్టు, ఒక గీత గీశాను.